పెద్ద రెస్క్యూ కుక్కలు, ఇంట్లో చిన్నపిల్లలు: అపోహలు - వాస్తవాలు

నేను కుక్కల బిహేవియర్ మీద పనిచేస్తాను, అందులోనూ ఎక్కువగా రెస్క్యూ కుక్కలతో, అంటే దిక్కులేని కుక్కల్ని ఉంచే షెల్టర్ల నుంచి ఇళ్ళకి వెళ్ళిన పెద్ద సైజు కుక్కలతో. నాకు వచ్చే ఫోన్లు చాలావరకు ఒకేలా మొదలవుతాయి, "మావాడు ఇప్పటిదాకా ఎవర్నీ ఏమీ అనలేదండీ, నిన్న ఉన్నట్టుండి పాప మీదకి వెళ్ళాడు" అని. కాసేపు కూర్చుని మాట్లాడితే ఆ "ఉన్నట్టుండి" వెనకాల కొన్ని వారాల కథ ఉంటుంది, కుక్క చెప్తూనే ఉంది, ఎవరూ వినలేదు, అంతే. అలా చెప్పింది వినపడకపోవడానికి కారణం మనం నిజం అనుకుని నమ్మేసే కొన్ని మాటలు, అవే ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: రెస్క్యూ కుక్క అంటేనే డేంజర్, పిల్లలున్న ఇంటికి అస్సలు తేకూడదు.

వాస్తవం: రెస్క్యూ అయినంత మాత్రాన కుక్క చెడ్డది అయిపోదు. అసలు ఇబ్బంది ఏంటంటే దాని గతం మనకి తెలీదు. కుక్కపిల్లకి సుమారు 3 వారాల నుంచి 12, 14 వారాల వయసు మధ్యలో ఏవి చూస్తే, ఏవి వింటే అవి మామూలు విషయాలుగా మనసులో పడిపోతాయి, ఆ టైంలో అది చిన్నపిల్లల్నే చూడకపోతే పెద్దయ్యాక ఒక రెండేళ్ళ పాప దానికి వింత జీవిలాగే కనిపిస్తుంది, తూలుతూ నడుస్తుంది, కీచుమని అరుస్తుంది, ఎటు తిరుగుతుందో తెలీదు. మీరు తెచ్చుకున్న కుక్క ఆ వారాలు ఎక్కడ గడిపిందో చాలాసార్లు షెల్టర్ వాళ్ళకి కూడా తెలీదు.

ఇంకోటి, షెల్టర్లో చూసిన కుక్క, ఇంట్లో ఉండే కుక్క ఒకటి కాదు. అక్కడ గిన్నె దగ్గర గుర్రుమన్న కుక్క ఇంటికొచ్చాక మానేయొచ్చు, అక్కడ ఏమీ అనని కుక్క ఇంట్లో మొదలుపెట్టొచ్చు. కుక్క కొత్త ఇంట్లో కుదురుకోవడానికి రెస్క్యూ వాళ్ళు మూడు రోజులు, మూడు వారాలు, మూడు నెలలు అని ఒక లెక్క చెప్తారు. గట్టి సైన్స్ ఏమీ కాదుగానీ పనికొచ్చే లెక్కే. మొదటి రోజుల్లో మూల పడుకుని "ఎంత బుద్ధిమంతుడో" అనిపించే కుక్క చాలాసార్లు భయంతో ముడుచుకుపోయి ఉంటుంది, దాని అసలు స్వభావం బయటపడేది కాస్త కుదురుకున్నాకే. సరిగ్గా అప్పుడే ఇంట్లోవాళ్ళు ధైర్యం వచ్చి కుక్కకీ పిల్లలకీ మధ్య గదుల్లో పెట్టిన గేట్లు తీసేస్తారు, నాకు భయం వేసేది అక్కడే.

అపోహ: మావాడు బంగారం, పిల్లలు మీదెక్కి కూర్చున్నా, చెవులు లాగినా ఏమీ అనడు.

వాస్తవం: అన్నిటికంటే నన్ను ఎక్కువ కంగారు పెట్టేది ఈ మాటే. ఓర్చుకోవడం వేరు, ఇష్టపడటం వేరు. కుక్క మీద బాబుని పడుకోబెట్టి తీసిన వీడియోలు అందరూ ముద్దుగా షేర్ చేస్తారు కదా, ఈసారి సౌండ్ ఆపేసి కుక్క మొహం మాత్రమే చూడండి. తల పక్కకి తిప్పేసుకుంటుంది, ఆకలి లేకపోయినా మాటిమాటికీ ముక్కు నాక్కుంటుంది, నిద్ర రాకపోయినా ఆవలిస్తుంది, తల కదపకుండా ఓరగా చూస్తే కంట్లో తెల్లభాగం నెలవంకలా కనపడుతుంది, చెవులు వెనక్కి అతుక్కుపోతాయి, నోరు మూసేసి ఒళ్ళంతా బిగదీసుకుంటుంది. ఇవన్నీ "నాకు ఇది వద్దు, కొంచెం దూరం జరపండి" అని అడగడమే. ముఖ్యంగా ఆ బిగుసుకుపోవడం, తింటూ తింటూ ఆగిపోవడం, ఊపిరి బిగపట్టినట్టు ఉండటం కనిపిస్తే ఫోటో తీసే టైం కాదు, పిల్లని నెమ్మదిగా పక్కకి తీసుకునే టైం.

పిల్లలకి మాత్రం ఇవేవీ కనపడవు. నాలుగైదేళ్ళ పిల్లలు పళ్ళు బయటపెట్టిన కుక్కని చూసి నవ్వుతోంది అనుకుంటారని పరిశోధనల్లో తేలింది, నవ్వుతోంది అనుకుంటే దగ్గరికెళ్ళి ముద్దు పెట్టుకోబోతారు. అందుకే చిన్నపిల్లలకి గాట్లు ఎక్కువగా మొహం, తల, మెడ మీదే పడతాయి. పైగా పిల్లల్ని కరిచేది చాలావరకు రోడ్డు మీది కొత్త కుక్క కాదు, ఇంట్లో కుక్కో, బాగా తెలిసినవాళ్ళ కుక్కో.

ఓర్పు కూడా రోజంతా ఒకేలా ఉండదు. పొద్దున చుట్టాలొచ్చారు, మధ్యాహ్నం బయట ఏదో పెద్ద చప్పుడు, సాయంత్రం వాకింగ్ లేదు, చుక్క చుక్కగా కుండ నిండినట్టు నిండుతూ వస్తుంది, రాత్రి పాప తోక తొక్కగానే అది పొంగుతుంది. చూసినవాళ్ళకి కనిపించేది మాత్రం ఆ చివరి చుక్క ఒక్కటే.

అపోహ: పిల్లల మీద గుర్రుమంటే వెంటనే ఒకటివ్వాలి, లేకపోతే నెత్తికెక్కుతుంది.

వాస్తవం: దయచేసి ఈ పని చెయ్యకండి. గుర్రుమనడం కుక్క ఇచ్చే వార్నింగ్, దానికోసం కొడితే భయమో కోపమో పోదు, వార్నింగ్ ఒక్కటే పోతుంది. ఆ తర్వాత ఆ కుక్క గుర్రుమనకుండా నేరుగా కరుస్తుంది, అప్పుడందరూ చెప్పాపెట్టకుండా కరిచింది అంటారు. పైగా దానికి అర్థమయ్యేది "ఈ పిల్ల దగ్గరికొచ్చిన ప్రతిసారీ నాకు దెబ్బ పడుతుంది" అని, ఇక పిల్లని ఎలా ఇష్టపడుతుంది చెప్పండి.

ఈ "నెత్తికెక్కడం", ఆల్ఫా (గుంపు మీద పెత్తనం చేసే నాయకుడు) గోల అంతా 1947లో రుడాల్ఫ్ షెంకెల్ అనే ఆయన బంధించి ఉంచిన తోడేళ్ళని చూసి రాసిన దానినుంచి మొదలైంది. ఆ ఆల్ఫా మాటని తర్వాత బాగా జనంలోకి తీసుకెళ్ళిన డేవిడ్ మెక్ అనే శాస్త్రవేత్తే 1999లో, అడవిలో తోడేళ్ళ గుంపు అంటే అమ్మా నాన్నా పిల్లలూ ఉండే కుటుంబమే, పెత్తనం కోసం రోజూ కొట్టుకునే గుంపు కాదని వివరంగా రాశాడు. అయినా ఇప్పటికీ కుక్కని వెల్లకిలా పడేసి నొక్కిపట్టమని నేర్పే ట్రైనర్లు ఉన్నారు, పిల్లలున్న ఇంట్లో పెద్ద కుక్కతో ఆ పని చేయించేవాళ్ళని నేనైతే క్షమించలేను.

గుర్రుమంటే చేయాల్సింది ఇది: అరవకుండా పిల్లని దూరంగా తీసుకెళ్ళండి, కుక్కకి తప్పుకునే దారి వదలండి, తర్వాత ఏది నచ్చక అలా అందో ఆలోచించండి. నిద్రలో ఉందా, బొమ్మ ఉందా, నొప్పి ఉందా. నొప్పిని ముందు చూడండి, తుంటి కీళ్ళ అరుగుదల, చెవిలో ఇన్ఫెక్షన్, పంటినొప్పి ఉన్న కుక్క బయటికి మామూలుగానే కనిపిస్తుంది, పిల్ల చెయ్యి అక్కడ తగిలితేనే తెలుస్తుంది. ప్రవర్తన కొత్తగా మారిందంటే ట్రైనర్ కంటే ముందు వెట్ (పశువుల డాక్టర్) దగ్గరికి.

అపోహ: తోక ఊపుతోంది కాబట్టి హ్యాపీగా ఉంది.

వాస్తవం: తోక ఊపితే ఉద్రేకంలో ఉందని అర్థం, మంచి ఉద్రేకమా కాదా అనేది మిగతా ఒళ్ళు చెప్తుంది. నడుము దగ్గర్నుంచి మెత్తగా ఊగుతుంటే బాగానే ఉన్నట్టు. తోక నిటారుగా లేపి చిన్నగా, గట్టిగా కొట్టుకుంటూ ఒళ్ళు బిర్రుగా ఉంటే పిల్లల్ని పంపకండి.

అపోహ: ఫలానా బ్రీడ్ అయితే పిల్లలతో సేఫ్, ఫలానా బ్రీడ్ అయితే ప్రమాదం.

వాస్తవం: 2022లో 18,000కి పైగా కుక్కల మీద చేసిన ఒక పెద్ద అధ్యయనంలో, ఒక్కో కుక్క ప్రవర్తనలో కనిపించే తేడాల్లో బ్రీడ్ వల్ల వచ్చేది దాదాపు 9 శాతమే అని తేలింది. రెస్క్యూల్లో చాలా వాటికి బ్రీడ్ పేరు చూపుతో వేసిన అంచనానే, ఆ చీటీని నమ్మి పిల్లని వదలడం అన్యాయం.

కానీ సైజు మాత్రం అబద్ధం చెప్పదు. చిన్న కుక్కలూ కరుస్తాయి, నిజమే, అదే గాటు 35 కిలోల కుక్క పెడితే ఏడాది పిల్లకి జరిగే నష్టం వేరు. అసలు కరవక్కర్లేదు కూడా, ఆ పిల్ల బరువు పది కిలోల చుట్టూ ఉంటుంది, కుక్క ప్రేమగానే ఎగిరి మీదపడినా, గది మూల తిరిగేటప్పుడు తుంటితో తగిలినా పిల్ల తల వెళ్ళి గోడకి కొట్టుకుంటుంది. ఏడెనిమిదేళ్ళ పిల్లాడి చేతికి లీష్ ఇచ్చి పంపేవాళ్ళు కూడా ఇది ఆలోచించాలి, పిల్లిని చూసి కుక్క ఒక్క గుంజు గుంజితే వాడు రోడ్డు మధ్యలో ఉంటాడు.

అపోహ: నేను అదే గదిలోనే ఉంటాను కదా, చూసుకుంటాను.

వాస్తవం: సోఫాలో కూర్చుని ఫోన్ చూస్తూ ఉండటం చూసుకోవడం కాదు. కుక్క బిగుసుకోవడానికి, కరవడానికి మధ్య ఒక్కోసారి ఒక్క సెకను కూడా ఉండదు, ఆరడుగుల దూరంలో ఉన్నా మీరు అందుకోలేరు. కళ్ళు పూర్తిగా వాళ్ళ మీద ఉండాలి, మీరు ఇద్దరికీ మధ్యలో చెయ్యి పెట్టగలిగేంత దగ్గర్లో ఉండాలి, అలా ఉండలేని ప్రతి నిమిషం మధ్యలో తలుపో గేటో ఉండాలి. వంట చేస్తున్నారా, గేటు. బాత్రూంకి వెళ్తున్నారా, గేటు, లేదా ఇద్దరిలో ఒకర్ని వెంట తీసుకెళ్ళండి. ఐదేళ్ళ లోపు పిల్లలున్న ఇంట్లో ఇందులో నేను మినహాయింపు ఇవ్వను, కుక్క ఎంత మంచిదైనా సరే.

కుక్కకి తనదంటూ ఒక చోటు ఉండాలి, క్రేట్ (కుక్క పడుకునే పంజరం లాంటి పెట్టె) అయినా గది మూల అయినా, అక్కడికి పిల్లలు ఎప్పటికీ వెళ్ళకూడదు. నిమరాలనుకుంటే పిల్లే కుక్క దగ్గరికి పోకూడదు, కుక్కే రావాలి, మూడు సెకన్లు మెడ పక్కన నిమిరి చెయ్యి తీసేయమనండి, ఇంకా కావాలని ఒరిగితే మళ్ళీ నిమరొచ్చు, అక్కడే నిలబడిపోయినా పక్కకి చూసినా అయిపోయినట్టే. కౌగిలింతలు వద్దు.

పుట్టిన బిడ్డతో ఏ గొడవా లేని కుక్క ఆ బిడ్డ పాకడం మొదలుపెట్టాక మారిపోవడం నేను చాలా చూశాను. అప్పటిదాకా ఒక చోట పడుకునే బిడ్డ కాస్తా ఇప్పుడు నేల మీద కుక్క వైపే వస్తోంది, మంచం కింద దాక్కున్నా వెనకాలే వస్తోంది. గేట్లు కొనేది అప్పుడు కాదు, అంతకంటే రెండు నెలల ముందే బిగించి కుక్కకి అలవాటు చెయ్యండి.

అపోహ: తినేటప్పుడు గిన్నెలో పిల్ల చేత చెయ్యి పెట్టిస్తే అలవాటవుతుంది.

వాస్తవం: వద్దు. గిన్నె దగ్గర మనుషుల్ని నమ్మకూడదని మీరే నేర్పిస్తున్నారు. తలుపేసి ప్రశాంతంగా తిననివ్వండి.

అపోహ: ఆపరేషన్ చేయిస్తే అన్నీ సర్దుకుంటాయి.

వాస్తవం: పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్‌కి దాని లాభాలు దానికున్నాయి, కానీ భయంతో వచ్చే కోపం దాంతో తగ్గదు, కొన్ని కుక్కల్లో పెరగొచ్చు కూడా.

అపోహ: తెచ్చుకున్న కుక్కని తిరిగి ఇవ్వడం మహాపాపం.

వాస్తవం: ఇది రాస్తుంటే నాకే బాధగా ఉంటుంది, ఎందుకంటే తిరిగి వెళ్ళిన కుక్కల్ని చూసేవాళ్ళలో నేనూ ఒకర్ని. అయినా చెప్తాను. పిల్లల్ని కన్నార్పకుండా చూస్తూ నక్కి నక్కి వెంబడించే కుక్క, పిల్ల గదిలోకి రాగానే ప్రతిసారీ బిగుసుకుపోయే కుక్క, ఒకసారి లోతుగా గాటు పెట్టిన కుక్క, వీటిని చిన్నపిల్లలున్న ఇంట్లో ఉంచమని నేను చెప్పను. ఇయాన్ డన్‌బార్ అనే వెట్ గాట్లని 6 స్థాయిలుగా విడగొట్టాడు, పన్ను చర్మానికి తగలని మొదటి స్థాయి నుంచి ప్రాణం పోయే ఆరో స్థాయి దాకా. మొదటి రెండు స్థాయిల్లో చర్మం చిల్లు పడదు, అక్కడ ఏర్పాట్లు మార్చి, రివార్డులతో ట్రైనింగ్ ఇచ్చి, మూతికి తొడిగే, గాలి ఆడే బుట్ట లాంటి మజిల్ అలవాటు చేసి పనిచేయొచ్చు. నాలుగో స్థాయి అంటే కోరపన్ను సగం కంటే లోతుగా దిగింది, పట్టుకుని నొక్కి కూడా ఉండొచ్చు, దాని తర్వాత ఆ ఇంట్లో ఆ పిల్లతో ఇంకో అవకాశం అనేది లేదు.

గాటు చిన్నదైనా పెద్దదైనా వెంటనే పారే నీళ్ళ కింద సబ్బుతో 15 నిమిషాలు కడగండి, కుక్కకి వ్యాక్సిన్ వేయించారని ఊరుకోకుండా అదే రోజు డాక్టర్‌కి చూపించండి, రేబిస్ లక్షణాలు మొదలయ్యాక దాదాపు ఎవరూ బతకరు. మొహం మీద గాటయితే అస్సలు ఆగకండి.

ఒకవేళ తిరిగి ఇవ్వాల్సి వస్తే జరిగింది జరిగినట్టు షెల్టర్ వాళ్ళకి రాసివ్వండి, ఏ టైంలో, ఏ వస్తువు దగ్గర, పిల్ల ఎంత దూరంలో ఉండగా, అంతకుముందు కుక్క ఏమేం చేసిందో అన్నీ. కుక్కని కాపాడాలని "అలర్జీ వచ్చింది" అని రాసేవాళ్ళు ఉంటారు, అలా రాస్తే వచ్చే నెల అదే కుక్క ఇంకో రెండేళ్ళ పిల్ల ఉన్న ఇంటికి వెళ్తుంది. నిజం రాస్తే పిల్లలు లేని పెద్దవాళ్ళ ఇల్లు వెతుకుతారు, అలాంటి ఇళ్ళల్లో హాయిగా బతుకుతున్న కుక్కలు నాకు చాలా తెలుసు.