ప్రపంచంలో ఉత్తమ బాస్కెట్‌బాల్ ఆటగాడు ఎవరు? చర్చను పక్కదారి పట్టించే అపోహలు, వాస్తవాలు

కోచ్‌గా నా పనిలో ఎక్కువ భాగం మ్యాచ్ వీడియోలను ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ చూడడంలోనే గడుస్తుంది. శిక్షణకు వచ్చే పిల్లలు తరచుగా అడిగే ప్రశ్న మాత్రం ఒక్కటే: ఇప్పుడు ప్రపంచంలో అందరికంటే గొప్ప ఆటగాడు ఎవరు? ఈ చర్చ తెగకపోవడానికి ప్రధాన కారణం, ఒకరు గత సీజన్ గురించి, ఇంకొకరు మొత్తం కెరీర్ గురించి, మరొకరు చివరి నిమిషంలో వేసిన ఒక్క షాట్ గురించి మాట్లాడుతూ, అందరూ ఒకే ప్రశ్నకు జవాబు చెబుతున్నామని అనుకోవడమే. నేను వాడే కొలమానం వేరు. ఏడు మ్యాచ్‌ల ప్లేఆఫ్ (సీజన్ చివరి నాకౌట్ దశ) సిరీస్‌లో ఏ ఆటగాడి కోసం ఎదుటి కోచ్ తన డిఫెన్స్ మొత్తాన్ని మార్చుకోవలసి వస్తుందో అతడే ఉత్తముడు. ఎన్‌బీఏ (అమెరికా పురుషుల ప్రొఫెషనల్ లీగ్) విషయంలో 2024-25 సీజన్, దాని ప్లేఆఫ్స్ వరకు ఉన్న ఆధారాలతోనే ఇది రాస్తున్నాను.

అపోహ: ఎంవీపీ అందుకున్నవాడే ప్రపంచంలో ఉత్తముడు.

వాస్తవం: ఎన్‌బీఏ ఎంవీపీ (అత్యంత విలువైన ఆటగాడు) అనేది 82 మ్యాచ్‌ల రెగ్యులర్ సీజన్‌కు మాత్రమే ఇచ్చే పురస్కారం. క్రీడా విలేకరులు, వ్యాఖ్యాతలు ప్లేఆఫ్స్ మొదలుకాకముందే ఓట్లు వేస్తారు కాబట్టి, అసలైన ఒత్తిడిలో ఎవరు ఎలా ఆడారన్నది ఆ లెక్కలోకి రాదు. 2023లో ఎంవీపీ జోయెల్ ఎంబీడ్‌కు దక్కింది. ఆ తర్వాత కొద్ది వారాలకే డెన్వర్ జట్టును విజేతగా నిలిపి ఫైనల్స్ ఎంవీపీ అయినది నికోలా యోకిచ్. పైగా 2023-24 నుంచి ఈ పురస్కారానికి, ఉత్తమ డిఫెండర్ లాంటి మరికొన్నింటికీ కనీసం 65 మ్యాచ్‌లు ఆడాలన్న నిబంధన వచ్చింది. 2024-25లో శాన్ ఆంటోనియో ఆటగాడు విక్టర్ వెంబన్యామా ఆడిన 46 మ్యాచ్‌లలో సగటున 3.8 బ్లాక్‌లు (ప్రత్యర్థి షాట్‌ను గాల్లోనే అడ్డుకోవడం) చేసినా, భుజంలో రక్తం గడ్డకట్టి సీజన్ మధ్యలోనే ఆగిపోవడంతో ఉత్తమ డిఫెండర్ పురస్కారానికి పరిశీలనకే రాలేదు. ఆరోగ్యంగా నిలిచి ఆడడం కూడా గొప్పదనంలో భాగమే, కానీ అది వేరే ప్రశ్న.

అపోహ: ఎక్కువ పాయింట్లు చేసినవాడే గొప్పవాడు.

వాస్తవం: పాయింట్ల పక్కన ఖర్చును కూడా చూడాలి. ఇద్దరు ఆటగాళ్లు చెరి 30 పాయింట్లు చేశారనుకుందాం. మొదటివాడు 20 షాట్లు, 8 ఫ్రీత్రోలు (ఫౌల్‌కు దొరికే అడ్డులేని షాట్లు) వేశాడు. రెండోవాడు 28 షాట్లు, 6 ఫ్రీత్రోలు వేశాడు. ఫ్రీత్రోల సంఖ్యను 0.44తో గుణించి, షాట్లకు కలిపి, ఆ మొత్తాన్ని రెట్టింపు చేసి, దానితో పాయింట్లను భాగిస్తే ట్రూ షూటింగ్ శాతం, అంటే వాడుకున్న అవకాశాలతో ఎంత పొదుపుగా స్కోరు చేశాడన్న కొలత వస్తుంది. మొదటివాడిది దాదాపు 64, రెండోవాడిది 49. మరుసటి రోజు ఇద్దరి గురించీ ఒకే శీర్షిక వస్తుంది కానీ, రెండోవాడు జట్టుకు మేలు కంటే నష్టమే ఎక్కువ చేసి ఉండే అవకాశం ఉంది. ఒక్లహోమా సిటీ జట్టు ఆటగాడు షే గిల్జస్-అలెగ్జాండర్ 2024-25లో సగటున 32.7 పాయింట్లతో లీగ్‌లో మొదటి స్థానంలో నిలవడం కంటే, అన్ని పాయింట్లను అంత పొదుపుగా చేయడమే నన్ను ఎక్కువగా ఆకట్టుకుంది.

అపోహ: ఎత్తుకు ఎగరలేనివాడు, వేగంగా పరుగెత్తలేనివాడు అగ్రస్థానంలో ఉండలేడు.

వాస్తవం: ఈ అపోహను ఒంటిచేత్తో చెరిపేసిన ఆటగాడు యోకిచ్. 2014 డ్రాఫ్ట్‌లో (జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమం) 41వ స్థానంలో అతడి పేరు ప్రకటించినప్పుడు టీవీలో వాణిజ్య ప్రకటన నడుస్తోంది. ఆ తర్వాత 2021, 2022, 2024లలో మూడు ఎంవీపీలు గెలిచాడు. 2024-25లో సగటున 29.6 పాయింట్లు, 12.7 రీబౌండ్లు (గురి తప్పిన బంతిని అందుకోవడం), 10.2 అసిస్ట్‌లు (స్కోరుకు దారితీసిన పాస్‌లు) సాధించాడు. సీజన్ మొత్తం మీద ఇలా ట్రిపుల్ డబుల్ సగటు (మూడింటిలోనూ పది లేదా అంతకు మించి) అందుకున్నవారు అతడికి ముందు ఆస్కార్ రాబర్ట్‌సన్, రస్సెల్ వెస్ట్‌బ్రూక్ మాత్రమే. వారిద్దరూ గార్డులు (బంతిని నడిపించే, సాధారణంగా ఎత్తు తక్కువ ఆటగాళ్లు), ఇతడు సెంటర్ (బాస్కెట్ దగ్గర ఆడే ఎత్తైన ఆటగాడు).

సంఖ్యల కంటే ఒక్క పొసెషన్ (బంతి చేతిలో ఉండగా చేసే ఒక్క దాడి) చూస్తే విషయం ఇంకా స్పష్టంగా అర్థమవుతుంది. యోకిచ్ ఫ్రీత్రో గీత చివర బంతి పట్టుకుని నిలబడతాడు, సహచరుడు జమాల్ మర్రీ అతడి చుట్టూ పరుగెత్తుతూ వస్తాడు. మర్రీని అడ్డుకోవలసిన డిఫెండర్ వెనకబడితే, బంతి మర్రీ చేతికి అంది ఖాళీ షాట్ దొరుకుతుంది. యోకిచ్‌ను అడ్డుకోవలసిన డిఫెండర్ మర్రీ వైపు ఒక అడుగు వేస్తే, యోకిచ్ బంతి ఇచ్చినట్టే ఇచ్చి తనే బాస్కెట్ వైపు తిరుగుతాడు. సాయానికి మూడో డిఫెండర్ మూల నుంచి కదిలీ కదలకముందే, అతడు వదిలిన మూలకు పాస్ వెళ్లిపోతుంది. ఈ ముగ్గురిలో ఎవరు ముందు తప్పు చేస్తారా అని చూస్తూ ఉండడమే అతడి ఆట. దానికి ఎత్తుకు ఎగరాల్సిన పని లేదు. ముందుగా చూసే కన్ను, బలమైన మోకాళ్లు, మెత్తని వేళ్లు కావాలి. శిక్షణలో మనం వీటికి ఇచ్చే సమయం చాలా తక్కువని నాకు గట్టిగా అనిపిస్తుంది.

అపోహ: ఛాంపియన్‌షిప్ గెలిచినవాడితో చర్చ ముగిసిపోతుంది.

వాస్తవం: ట్రోఫీ జట్టుది. ఒక్లహోమా సిటీ, ఇండియానా తలపడిన 2025 ఫైనల్స్ ఏడో మ్యాచ్ తొలి క్వార్టర్‌లోనే ఇండియానా ప్రధాన ఆటగాడు టైరీస్ హాలిబర్టన్ కాలి మడమ స్నాయువు తెగి బయటకు వెళ్లాడు. ఒక్లహోమా సిటీ విజయాన్ని ఇది తక్కువ చేయదు కానీ, అలాంటి ఘటనలు ఎవరి గొప్పదనానికీ కొలత కావు.

అపోహ: గణాంకాలు అన్నీ చెప్పేస్తాయి.

వాస్తవం: వెంబన్యామా బాస్కెట్ దగ్గర నిలబడి ఉన్నాడని చూసి ఒక గార్డు లోపలికి రాబోయి వెనక్కి తిరిగితే, స్కోరుపత్రంలో ఏమీ నమోదు కాదు. కానీ ఆ పొసెషన్‌ను గెలిచింది వెంబన్యామానే. ప్లస్-మైనస్ (ఆటగాడు కోర్టులో ఉన్నంతసేపు రెండు జట్ల స్కోరులో వచ్చిన తేడా) లాంటి కొలతలు దీనిని కొంతవరకు పట్టుకుంటాయి, అయితే పక్కన ఎవరు ఆడుతున్నారన్న దానిని బట్టి అవీ మారిపోతాయి.

అపోహ: ఎన్‌బీఏ పురుషుల ఆటే ప్రపంచం.

వాస్తవం: 2023 ప్రపంచ కప్‌ను జర్మనీ గెలిచింది, అందులో ఎంవీపీ డెన్నిస్ ష్రోడర్. మూడు పాయింట్ల గీత దూరం నుంచి మ్యాచ్ నిడివి వరకు అంతర్జాతీయ నిబంధనలు వేరుగా ఉంటాయి కాబట్టి, అక్కడ మెరిసే నైపుణ్యాలూ వేరుగా ఉంటాయి. మహిళల్లో ఈ చర్చకు తావే లేదు: ఏజా విల్సన్ 2025లో నాలుగోసారి డబ్ల్యూఎన్‌బీఏ (అమెరికా మహిళల లీగ్) ఎంవీపీ అయింది, అంతకుముందు ఎవరూ నాలుగు గెలవలేదు. అదే ఏడాది లాస్ వెగాస్ జట్టును విజేతగా నిలిపి ఫైనల్స్ ఎంవీపీ కూడా అందుకుంది.

అపోహ: ఎవరి అభిమానం వారిది, దీనికి జవాబే లేదు.

వాస్తవం: ప్రశ్నను స్థిరంగా ఉంచితే జవాబు ఉంటుంది. షే పక్షాన ఉన్న వాదన చాలా బలమైనది. ఒకే సీజన్‌లో స్కోరింగ్ అగ్రస్థానం, ఎంవీపీ, ఫైనల్స్ ఎంవీపీ మూడూ సాధించినవారు అతడికి ముందు కరీం అబ్దుల్ జబ్బార్, మైకేల్ జోర్డాన్, షకీల్ ఓనీల్ మాత్రమే. అయినా నా ఓటు యోకిచ్‌కే. 2025 ప్లేఆఫ్స్ రెండో రౌండ్ ఏడో మ్యాచ్‌లో డెన్వర్‌పై ఒక్లహోమా సిటీ గెలిచింది నిజమే. కానీ అందుకోసం ఆ జట్టు కోచ్ చేసినది చూడండి. 2.11 మీటర్ల సెంటర్‌కు ఎదురుగా గార్డు అయిన అలెక్స్ కరూసోను నిలిపి, బంతి యోకిచ్ చేతికి చేరకుండా ముందు నుంచి అడ్డుకోమని, వెనక మరొకరిని సాయంగా ఉంచాడు. ఆ సీజన్‌లో డెన్వర్ లీగ్ మొత్తంలో అతి తక్కువ మూడు పాయింట్ల షాట్లు వేసిన జట్టు కాబట్టి, మిగతావారిని కాస్త వదిలేసి అలా గుమిగూడడం చెల్లింది. అతడి చుట్టూ నలుగురు నమ్మకమైన షూటర్లు ఉండి ఉంటే, ఆ అమరికను ఒక క్వార్టర్ పాటు కూడా కొనసాగించే సాహసం నేనైతే చేయను.