తెరచాప పడవలో చిన్న ఏసీ: అపోహలు – వాస్తవాలు

దుబాయ్ మెరీనాల్లో నిలిపి ఉంచే చిన్న తెరచాప పడవల్లో ఏసీలు బిగించడం, అవి మొరాయిస్తే బాగుచేయడం నా వృత్తి. మన ఊళ్లలో ఇళ్లకు ఏసీలు బిగించి, ఆ అనుభవంతో గల్ఫ్‌కు వచ్చి పడవ పనిలో చేరే కుర్రాళ్లు, పడవ యజమానులు కూడా నమ్మే కొన్ని మాటలను ఇక్కడ సరిచేయదలచాను.

అపోహ: సముద్రంలో నీటికి కొదవా? పంపు ఎక్కడ పెట్టినా పనిచేస్తుంది.

వాస్తవం: పడవ ఏసీలో వేడిని బయటికి పంపేది గాలి కాదు, కండెన్సర్ (గ్యాస్ తన వేడిని వదిలే భాగం) గుండా పారే సముద్రపు నీరు. దానికి వాడే సెంట్రిఫ్యూగల్ పంపు నీటిని తోయగలదు కానీ గొట్టంలోని గాలిని లాగలేదు కాబట్టి, అది తప్పనిసరిగా నీటిమట్టానికి దిగువన ఉండాలి. పడవ అడుగున ఉన్న రంధ్రం నుంచి సీకాక్ (ఆ రంధ్రాన్ని మూసే కవాటం), స్ట్రెయినర్ (చెత్తను ఆపే జల్లెడ), పంపు, కండెన్సర్ వరకు గొట్టం ఎక్కడా కిందికి దిగకుండా పైకే సాగాలి. అడ్డుచెక్క మీదుగా గొట్టాన్ని ఒక్కచోట ఎత్తి మళ్లీ దించినా చాలు, ఆ మెట్టులో గాలి చిక్కుకొని నీరు ఆగిపోతుంది, కాసేపటికి హై ప్రెషర్ ఫాల్ట్ (లోపల గ్యాస్ ఒత్తిడి మితిమీరిందనే హెచ్చరిక) చూపించి మెషీన్ ఆగుతుంది. అప్పుడు చాలామంది గ్యాస్ తగ్గిందనుకొని దాని ఒత్తిడి కొలిచే గేజులు బయటికి తీస్తారు. నేను మాత్రం ముందుగా పడవ పక్కనుంచి నీరు పడే చోటికి వెళ్లి చూస్తాను: ధార సన్నగా, బుడగలతో తెగి తెగి పడుతుంటే స్ట్రెయినర్ మూత విప్పుతాను. వేసవిలో అందులో నాచు, జెల్లీఫిష్ ముక్కలు జిగురుగా పట్టుకొని ఉంటాయి.

ఇక్కడ ఆగస్టులో సముద్రపు నీరే 33 డిగ్రీలు దాటడం మామూలు. నీరు వేడెక్కేకొద్దీ యూనిట్ చల్లదనం తగ్గుతుంది, కంప్రెసర్ తీసుకునే కరెంటు పెరుగుతుంది. అందుకే గొట్టంలో పేరుకున్న గుల్లలను, కండెన్సర్‌లోని సున్నపు పొరను వేసవికి ముందే తొలగించాలి.

అపోహ: ఎంత పెద్ద మెషీన్ పెడితే అంత మంచిది.

వాస్తవం: అవసరానికి మించిన యూనిట్ కేబిన్‌ను త్వరగా చల్లబరిచి, తేమను లాగకముందే ఆగిపోతుంది. గది చల్లగానే ఉంటుంది కానీ పరుపుల వెనుక బూజు పడుతుంది. బీటీయూలు (ఏసీ చల్లబరిచే శక్తికి కొలత) పెంచే ముందు డెక్ మీద ఎండ పడకుండా గుడారపు గుడ్డ కట్టించమని నేను గట్టిగా చెబుతాను.

అపోహ: సోలార్ ప్యానెళ్లు, ఇన్వర్టర్ ఉంటే రాత్రంతా నడుపుకోవచ్చు.

వాస్తవం: 6,000 బీటీయూల యూనిట్ పంపుతో కలిపి సుమారు 600 వాట్లు తీసుకుంటుంది. 12 వోల్టుల 100 ఆంపియర్-అవర్ లెడ్ యాసిడ్ బ్యాటరీలో ఉండేది 1,200 వాట్-అవర్లు. దాని ఆయువు కాపాడాలంటే అందులో సగమే వాడాలి. అంటే కంప్రెసర్ ఆగకుండా నడిస్తే, ఇన్వర్టర్‌లో పోయే కరెంటునూ లెక్కేస్తే, గంట కూడా రాదు. 200 ఆంపియర్-అవర్ లిథియం బ్యాటరీ పెట్టినా నాలుగు గంటల లోపే. రేవులో ఒడ్డు కరెంటు మీద నడుపుకోవడమే చిన్న పడవకు తగిన పద్ధతి. తెరచాపతో వెళ్లేటప్పుడు పడవ ఒరిగి నీటి ప్రవేశద్వారం పైకి తేలితే పంపు గాలి పీలుస్తుంది కనుక, అప్పుడు ఏసీని ఆపి ఉంచాలి.

అపోహ: ఏసీ నుంచి కారే నీటిని బిల్జ్‌లోకి (పడవ లోపల అట్టడుగున నీరు చేరే చోటు) వదిలేయవచ్చు.

వాస్తవం: దీనిపై నేను రాజీపడను. బిల్జ్‌లో నిలిచే నీటి వాసన, బూజు ఒక ఎత్తయితే, డ్రెయిన్ గొట్టం కొస ఇంజిన్ గదిలోనో, జనరేటర్ పొగగొట్టం దగ్గరో ఉండడం ప్రాణాంతకం. ఫ్యాన్ పీల్పుకు ఆ గొట్టం గుండానే వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ నిద్రపోతున్నవారి కేబిన్‌లోకి చేరుతుంది. ఆ నీటిని మూతవేసిన చిన్న సంప్ (తొట్టి)లోకి మళ్లించి పంపుతో బయటికి తోడించాలి. లోపలి గాలి తిరిగి యూనిట్‌కు చేరే దారి బిల్జ్‌తో కలవకుండా చెక్కతో మూసి సీల్ చేయాలి. పడుకునే చోట కార్బన్ మోనాక్సైడ్ డిటెక్టర్ బిగించి, యజమాని ఎదుటే దాని టెస్ట్ బటన్ నొక్కి చూపించాకే పని అప్పగించాలి.