టెర్రాఫామా, ఆన్సిబులా? కొన్ని అపోహలు – వాస్తవాలు

రుషికొండ ఐటీ హిల్ కింద టీ తాగుతుంటే కొత్తగా చేరిన పిల్లలు, సర్వర్ల పనిని కోడ్ రాసి చేయించే ఈ రెండు టూల్స్ గురించి తప్పక అడుగుతారు: "అన్నా, రెండింట్లో ఏది నేర్చుకోమంటారు?"

అపోహ: రెండింట్లో ఒకటి చాలు.

షామియానా వేసేవాడు కావాలా, వంటవాడు కావాలా అని పెళ్లివాళ్లని అడిగినట్టుంటుంది. నెట్‌వర్క్, సర్వర్, డేటాబేస్ నిలబెట్టడం టెర్రాఫామ్ పని. ఆ సర్వర్‌లోకి ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్ అయ్యే దారి) మీద వెళ్లి ప్యాకేజీలు, సెట్టింగులు సర్దడం ఆన్సిబుల్ పని. టెర్రాఫామ్ తను కట్టినవన్నీ స్టేట్ ఫైల్‌లో రాసుకుంటుంది. కోడ్‌లో సర్వర్ తాలూకు లైన్లు తీసేస్తే తర్వాతిసారి అప్లై కమాండ్‌తో కోడ్ అమలు చేసినప్పుడు సర్వరే పోతుంది. ఆన్సిబుల్‌కి ఆ చిట్టా లేదు. ప్లేబుక్‌లో, అంటే అది చేయాల్సిన పనుల ఫైల్‌లో, టాస్క్ చెరిపేసినా పాత ప్యాకేజీ అక్కడే కూర్చుంటుంది.

అపోహ: టెర్రాఫామ్‌లో ఒకసారి రాస్తే ఏ క్లౌడ్‌లోనైనా నడుస్తుంది.

వేరే క్లౌడ్ దాకా ఎందుకు? అమెజాన్ క్లౌడ్ ఏడబ్ల్యూఎస్‌కి హైదరాబాద్ రీజియన్ (డేటా సెంటర్ల గుంపు) 2022లో వచ్చింది. ముంబై కోసం రాసిన కోడ్‌లో రీజియన్ పేరొక్కటే మార్చి చూడండి, ఏఎంఐ (సర్వర్‌ని పుట్టించే ఓఎస్ ఇమేజ్) దొరకలేదని ఆగిపోతుంది. ఏఎంఐ ఐడీ ఏ రీజియన్‌ది ఆ రీజియన్‌కే. ఇక మైక్రోసాఫ్ట్ క్లౌడ్ అజూర్‌కి వెళ్తే రిసోర్సులన్నీ తిరగరాయాల్సిందే. అంతా ఏడబ్ల్యూఎస్‌లోనే ఉన్నవాళ్లకి ఏడబ్ల్యూఎస్ సొంత టూల్, 2011 నాటి క్లౌడ్‌ఫార్మేషన్ చాలనే అంటాను. స్టేట్ ఫైల్‌కి కాపలా కాసే పని తప్పుతుంది.

అపోహ: లైసెన్స్ మారింది, టెర్రాఫామ్ వదిలేయాలి.

2023 ఆగస్టులో ఓపెన్‌సోర్స్ లైసెన్స్ పోయి వేరేది వచ్చిన మాట నిజం. పాత ఓపెన్‌సోర్స్ కోడ్ నుంచి చీలిన ఓపెన్‌టోఫు పుట్టింది అందుకే. కానీ సొంత సర్వర్లకి వాడుకునేవాళ్లకి ఇబ్బందేం లేదు, టెర్రాఫామ్‌కి పోటీగా సరుకు అమ్మేవాళ్లకే తలనొప్పి.

అపోహ: ఆటోమేషన్ వచ్చాక టెన్షన్ ఉండదు.

ఈ దెబ్బ నేను తిన్నదే. ఒక క్లయింట్ సర్వర్‌కి ఓఎస్ అప్‌డేట్ అనుకుని కోడ్‌లో ఏఎంఐ ఐడీ మార్చాను. ఏం మారబోతోందో టెర్రాఫామ్ ముందే చూపించే ప్లాన్ చివర "ఒకటి యాడ్, సున్నా చేంజ్, ఒకటి డిస్ట్రాయ్" అని ఉంది. పైన, ఏఎంఐ లైన్ పక్కనే "ఫోర్సెస్ రీప్లేస్‌మెంట్", అంటే పాతది తీసేసి కొత్తది పెడతానని, ఉంది. చదవకుండా "యెస్" కొట్టేశాను. పాత సర్వర్‌తో పాటు దాని రూట్ డిస్క్ పోయింది, డిస్క్‌లోని బిల్లుల పీడీఎఫ్‌లూ పోయాయి. దొరికిన స్నాప్‌షాట్ (డిస్క్ నకలు) రెండు రోజుల పాతది. ఆ రెండు రోజుల బిల్లులు తెల్లారేదాకా కూర్చుని మళ్లీ తీశాం. మర్నాడు కోడ్‌లో ఆ సర్వర్ బ్లాక్‌లో, దాన్ని చెరపనివ్వని ప్రివెంట్ డిస్ట్రాయ్ సెట్టింగు పెట్టి, ఫైళ్లన్నీ ఏడబ్ల్యూఎస్ ఫైల్ నిల్వ ఎస్3కి తరలించాను.