లిచ్‌ఫీల్డ్ గ్రీన్: అపోహలు – వాస్తవాలు

అమెరికాలోని కనెటికట్ రాష్ట్రంలో లిచ్‌ఫీల్డ్ అనే చిన్న ఊరు ఉంది. ఊరి నడుమ గ్రీన్ అని పిలిచే పొడవాటి పచ్చిక మైదానం, దాని చుట్టూ తెల్లని చెక్క ఇళ్లు, ఎత్తైన శిఖరంతో ఒక చర్చి ఉంటాయి. పాత కట్టడాల పరిరక్షణలో పనిచేస్తున్న నేను ఈ ఊరి గురించి తరచూ వినే అపోహలు కొన్ని ఉన్నాయి.

అపోహ: ఈ ఊరు పద్దెనిమిదో శతాబ్దం నుంచి ఇలాగే చెక్కుచెదరకుండా ఉంది.

వాస్తవం: ఊరు ఏర్పడిన 1719 నాటికి న్యూ ఇంగ్లండ్‌లో (కనెటికట్ ఉన్న ఈశాన్య అమెరికా ప్రాంతం) గ్రీన్ అంటే పార్కు కాదు; పశువులు తిరిగే, బండ్ల బాటలు పడిన ఉమ్మడి నేల. అప్పటి ఇళ్లు చాలావరకు రంగు లేకుండానో, ఎరుపు, పసుపు వంటి రంగుల్లోనో ఉండేవి. తెలుపు వాడకం పంతొమ్మిదో శతాబ్దంలో పెరిగింది. ఆ శతాబ్దం చివర, బ్రిటిష్ వలస పాలన కాలపు వాస్తురీతిపై మోజు పుట్టాక, అదే పాతదనానికి గుర్తుగా స్థిరపడింది. నేటి గ్రీన్ రూపానికి 1913లో ఉద్యానవనాలు రూపొందించే ఓల్మ్‌స్టెడ్ బ్రదర్స్ సంస్థ ప్రణాళిక గీసింది. చర్చి కథ నాకు మరీ ఇష్టం. 1829లో కట్టిన ఆ భవనాన్ని 1873లో పక్కకు జరిపి, ఆ స్థలంలో కోసు తోరణాల గోథిక్ శైలి చర్చిని కట్టారు. పాతది కొంతకాలం సభాభవనంగా, సినిమా హాలుగా కూడా ఉపయోగపడింది. 1929–30లో గోథిక్ చర్చిని తొలగించి, పాత భవనాన్నే తిరిగి తెచ్చి పునరుద్ధరించారు. అంతమాత్రాన ఊరంతా నకిలీ అనడం అన్యాయం. న్యాయశాస్త్ర బోధకుడు ట్యాపింగ్ రీవ్ 1773లో కట్టించుకున్న ఇల్లు, 1784 నాటి ఆయన న్యాయ పాఠశాల భవనం నేటికీ ఉన్నాయి. పైగా, ఊరివారు తమ గతాన్ని ఇలా ఊహించుకుని మలచుకోవడం కూడా ఈ ఊరి చరిత్రలో భాగమేనని నా అభిప్రాయం.

అపోహ: చారిత్రక ప్రాంతంగా జాతీయ గుర్తింపు వస్తే యజమాని మేకు కూడా కొట్టకూడదు.

వాస్తవం: లిచ్‌ఫీల్డ్‌కు 1968లో జాతీయ చారిత్రక గుర్తింపు లభించింది. కానీ సొంత డబ్బుతో సొంత ఇంటిని మార్చుకునే వ్యక్తిని ఆపే శక్తి ఆ గుర్తింపు ఒక్కదానికే లేదు. సమాఖ్య ప్రభుత్వ నిధులో అనుమతులో అవసరమయ్యే పనులకే 1966 నాటి జాతీయ చారిత్రక పరిరక్షణ చట్టం కింద సమీక్ష ఉంటుంది. అసలు అదుపు 1959లో ఏర్పడిన స్థానిక చారిత్రక జిల్లాది; ఇక్కడ జిల్లా అంటే పాత కట్టడాల రక్షణకు గుర్తించిన ప్రాంతం. వంటగదిని ఎలా మార్చుకున్నా దాని కమిషన్‌కు సంబంధం లేదు; వీధిలోంచి కనిపించే కిటికీ రూపం మార్చాలంటే మాత్రం పని మొదలుపెట్టక ముందే దరఖాస్తు చేసి, అనుమతి పత్రం తీసుకోవాలి.