జానపదం ఎవరిదీ కాదా? అపోహలు - వాస్తవాలు

హన్మకొండలో పాటలు రాసి, బాణీ కట్టి, బృందంతో పాడడం నా పని. ఎన్నికలొచ్చినా, జాతరొచ్చినా, మన యాసలో సినిమా ఒకటి ఆడినా మా కళ గురించి అందరూ మాట్లాడుతారు. ఆ మాటల్లో కొన్ని మా కడుపు కొడుతున్నాయి.

అపోహ: జానపదం ఎవరిదీ కాదు, ఎవరైనా తీసుకోవచ్చు.

వాస్తవం: మన పల్లెల్లో కథ చెప్పే హక్కు ఎన్నడూ అట్లా గాలికి వదిలేసింది కాదు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పేది కూనపులివాళ్లు. ముదిరాజులకు పాండవుల కథ చెప్పేది కాకిపడగలవాళ్లు. గౌడులకు గౌడజెట్టీలు, మాదిగలకు జాంబపురాణం చెప్పే డక్కలివాళ్లు ఉన్నారు. ఏ ఊరు ఎవరిదో మిరాశీ, అంటే వంశపారంపర్య హక్కు, ఉండేది. ఆ కథలకు పటాలు వేసిచ్చిన చేర్యాల నకాషీల (చిత్రకారుల) బొమ్మకు ఇవాళ జీఐ గుర్తింపు, అంటే ఇది ఫలానా ఊరి కళ అనే చట్టపరమైన గుర్తింపు, ఉంది. బొమ్మకు సొంతదారులున్నారని ఒప్పుకున్నవాళ్లం, పాట దగ్గరికొచ్చేసరికి ఎందుకు వెనక్కి తగ్గుతున్నాం?

విడి పాటల సంగతీ అంతే. ‘బండెనక బండి కట్టి’ 1980లో ‘మా భూమి’ సినిమాతో, గద్దర్ గొంతులో ఊరూరికీ చేరింది. చాలామంది అది గద్దర్ రాసిందే అనుకుంటారు. కొందరు పాత జానపదమని చెప్పి వదిలేస్తారు. రాసింది తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న బండి యాదగిరి. ఆ పేరు పాటతో పాటు వినబడాలి.

నిజంగానే తరాల నుంచి వస్తున్న పాట మీద చట్టం ఎవరికీ ఏకహక్కు ఇవ్వదు. అప్పుడైనా ఏ ఊళ్లో, ఎవరి దగ్గర నేర్చుకున్నామో చెప్పడానికి ఒక్క లైను చాలు.

అపోహ: రాజకీయం పాడితే కళ పలచబడుతుంది.

వాస్తవం: కాళోజీ 1958 నుంచి 1960 దాకా శాసనమండలి సభ్యుడు. 1977లో సత్తుపల్లిలో జలగం వెంగళరావు మీద పోటీ చేసి ఓడిపోయారు. దానివల్ల ఆయన కవిత్వం తగ్గిందని ఓరుగల్లులో ఒక్కరూ అనరు. నన్ను బాధపెట్టేది వేరే. ప్రచారం మొదలైతే ఒకే బాణీ మీద రెండు పార్టీల మాటలు వినిపిస్తాయి. పాడినవాళ్లను నేను తప్పుపట్టను, ఆ నెల కూలితోనే పిల్లల ఫీజులు కట్టేవాళ్లున్నారు. బాణీ కట్టినవాళ్లను అడగకుండా, పేరు చెప్పకుండా వాడుకునే నాయకులే జవాబు చెప్పాలి.

అపోహ: యూట్యూబ్ జానపదాన్ని పాడుచేసింది.

వాస్తవం: లేదు. డప్పు పక్కన కీబోర్డు పెట్టినప్పుడూ ఇదే మాటన్నారు. పాట మారుతూనే ఉంటుంది. నాకు కోపం తెప్పించేది, మేం ఏళ్లుగా పాడుతున్న పాటను ఎవరో ముందుగా ఎక్కించి మా వీడియో మీదే కాపీరైట్ క్లెయిమ్ వేయడం. మా బృందానికి ఇది జరిగింది.

అపోహ: సినిమాలో కనబడితే బతుకు మారిపోతుంది.

వాస్తవం: 2023లో ‘బలగం’ చివరి పాటతో దుగ్గొండికి చెందిన కొమురమ్మ, మొగిలయ్య దంపతులు రాష్ట్రమంతా ఏడిపించారు. మరుసటి ఏడాది డిసెంబరులో మొగిలయ్య అనారోగ్యంతో కన్నుమూశారు. చప్పట్లు ఆగాక కూడా కళాకారుడికి మందులు, అద్దె, వృద్ధాప్యం ఉంటాయి. జనగామ జిల్లా చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ వచ్చినప్పుడు గర్వపడ్డాను. ఆ ఆటలో ఆయన పక్కన వేషం కట్టేవాళ్లకూ, వాయించేవాళ్లకూ నెల గడవాలి కదా.

అపోహ: ఒకసారి డబ్బు తీసుకుంటే పాట మీద హక్కు పోయినట్టే.

వాస్తవం: తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇది జాగ్రత్తగా చదవండి. కాపీరైట్ చట్టం ప్రకారం నోటిమాటతో హక్కు బదిలీ కాదు. కాగితం మీద సంతకం ఉండాలి. ఆ కాగితంలో గడువు రాయకపోతే 5 ఏళ్లే లెక్క. ఏ ప్రాంతానికో రాయకపోతే ఇండియా వరకే. 2012 సవరణ తర్వాత, సినిమాతో సంబంధం లేని రికార్డింగుకు హక్కు రాసిచ్చినా, పాట రాసినవారికి, బాణీ కట్టినవారికి రాయల్టీలో ఆ హక్కు తీసుకున్నవారితో సమాన వాటా అడిగే హక్కు ఉంటుంది. పాడినవారికి విడిగా 50 ఏళ్ల ప్రదర్శన హక్కు ఉంది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, కానీ రాసిన తేదీతో మెయిల్ ఒకటి మీకు మీరే పంపుకుని ఉంచుకోండి, గొడవొస్తే చూపించడానికి పనికొస్తుంది.

బతుకమ్మ పాటల రికార్డింగులకు పిలిచినప్పుడు కాగితం ఇంటికి తెచ్చుకుని చదవండి. అర్థం కాకపోతే సంతకం పెట్టకముందే నన్నైనా అడగండి.