బురదలో పడుకున్న పీతల లెక్క

చేప వయసు తెలియాలంటే దాని చెవిలోని చిన్న రాయిని కోసి చూస్తారు. చెట్టు మానులో లాగే అందులోనూ ఏడాదికో వలయం ఉంటుంది. పీతతో అది కుదరదు. పెరిగినప్పుడల్లా పెంకు మొత్తం విడిచేస్తుంది, వయసు గుర్తులూ దాంతోనే పోతాయి.

మరి వయసు తెలియకుండా ఎన్ని పీతల్ని పట్టొచ్చో తేల్చేదెలా? అమెరికా తూర్పు తీరంలోని చెసపీక్ అఖాతంలో ఇందుకు చలికాలం సాయపడుతుంది. నీళ్ళు చల్లబడగానే అక్కడి నీలి పీతలు బురదలో దూరి కదలకుండా ఉంటాయి. 1990 నుంచి ఏటా డిసెంబరు, మార్చి నెలల మధ్య మేరీలాండ్, వర్జీనియా శాస్త్రవేత్తలు 1,500 చోట్ల పడవ ఆపుతారు. ఆరడుగుల ఇనుప చట్రానికి వల సంచి కట్టి ఒక్క నిమిషం పాటు అడుగును గీకుతారు. పడ్డ ప్రతి పీతనూ కొలిచి, వెల్లకిలా తిప్పుతారు. మగదాని పొట్ట మీది మడత సన్నగా పొడుగ్గా ఉంటుంది, ఈడొచ్చిన ఆడదానిది గోపురంలా వెడల్పు. పైగా ఆడపీత డెక్కల కొసలు గోరింటాకు పెట్టుకున్నట్టు ఎర్రగా ఉంటాయి. వలకు చిక్కనివి ఎన్నో అంచనా కట్టి, ఆ లెక్కను అఖాతమంతటికీ వర్తింపజేస్తారు.

ఆడపీత చివరిసారి పెంకు విడిచినప్పుడు, సాధారణంగా జీవితంలో ఒక్కసారే, జతకడుతుంది. దాచుకున్న వీర్యంతో విడతలు విడతలుగా లక్షల గుడ్లు పెడుతుంది. అందుకే హద్దులన్నీ దాని చుట్టూ గీశారు: పెద్ద ఆడపీతలు 19.6 కోట్లుండాలి, 7.25 కోట్లకు తగ్గితే ప్రమాదం. 2008లో ఆడపీతల వేటకు గట్టిగా కళ్ళెం వేస్తే రెండేళ్ళలోనే వాటి సంఖ్య రెట్టింపు దాటింది.

2025లో పెద్ద ఆడపీతలు 10.8 కోట్లు. ప్రమాద రేఖకు పైనే ఉన్నాయి, వేటా హద్దు మీరలేదు. కానీ చిన్నా పెద్దా అన్నీ కలిపితే 23.8 కోట్లే, 1993లో 85.2 కోట్లుండేవి. పెద్ద మగపీతలు 2.6 కోట్లకు పడిపోయాయి, సర్వే మొదలయ్యాక ఇంత తక్కువ ఎప్పుడూ లేదు. హద్దు లోపలే ఉన్నామన్న మాటతో నాకు ధైర్యం చాలడం లేదు.

ఎందుకంటే పీత పిల్లలు దాక్కునే సముద్రపు గడ్డి వేడికి, మురికి నీళ్ళకి తరిగిపోతోంది. సరదా వేట కోసం 1970లలో తెచ్చి నదుల్లో వదిలిన బ్లూ క్యాట్‌ఫిష్, అంటే మన జెల్లల బంధువే, విపరీతంగా పెరిగింది. వేటకు గీసిన హద్దు ఈ రెండింటినీ ఆపలేదు. ఇప్పుడు అక్కడి జాలర్లలో కొందరు ఆ జెల్లల్ని పట్టి అమ్ముతున్నారు. కోస్తే కొన్నిటి కడుపుల్లో పీతలు కనిపిస్తున్నాయి.