వారం వారం వాయిదా, ఏడాదికోసారి పంట

విశాఖలో చిన్న వ్యాపారం పెడదామని అప్పు కోసం బ్యాంకుకి వెళ్తే ముందు వినపడే మాట "ప్రాజెక్ట్ రిపోర్ట్ తెచ్చారా?". మెషీన్ ధర, పెట్టుబడి, నెల అమ్మకం, లాభం అన్నీ అందులో ఉంటాయి. నేను చూసిన ఒక పచ్చళ్ల రిపోర్టులో జూన్‌కీ డిసెంబర్‌కీ సరుకు ఖర్చు ఒకటే. డిసెంబర్‌లో ఆవకాయకి కాయ ఎక్కడ దొరుకుతుందో రాసినాయన్నే అడగాలి.

డబ్బు ఏ నెలలో వస్తుంది, ముడిసరుకు ఎన్నాళ్లు దొరుకుతుంది అన్న ప్రశ్నలు ఈ ప్రాంతానికి కొత్త కాదు. దెబ్బలు తిని నేర్చుకున్నవే.

గుంపుగా అప్పు తీసుకుని వారం వారం కట్టే పద్ధతికి పేరు తెచ్చింది బంగ్లాదేశ్. 1976లో చిట్టగాంగ్ దగ్గర జోబ్రా అనే ఊళ్లో మహమ్మద్ యూనస్ మొదలుపెట్టిన ప్రయోగం 1983లో గ్రామీణ బ్యాంకు అయింది. వాయిదా చిన్నదైతే కట్టడం తేలికన్నది దాని లెక్క. చేపలమ్మే ఆవిడకి, టిఫిన్ బండికి అది బాగానే సరిపోతుంది. పొద్దుగూకేసరికి చేతిలో డబ్బాడుతుంది కదా.

మన దగ్గర దారి వేరు. 1982లో వచ్చిన డ్వాక్రాకి తోడు, 1992లో నెల్లూరు జిల్లాలో సారా మీద ఆడవాళ్లు తిరగబడ్డాక పొదుపు సంఘాలు ఊరూరా పాకాయి. ముందు పొదుపు, తర్వాతే అప్పు. పల్లెల అప్పుల సంగతి చూసే జాతీయ బ్యాంకు నాబార్డ్ కూడా 1992లోనే 500 సంఘాలతో బ్యాంకు లింకేజీ, అంటే సంఘాలకి బ్యాంకు అప్పు ఇప్పించడం, మొదలుపెట్టింది. (కాగితాల మీద డ్వాక్రా 1999లోనే వేరే పథకంలో కలిసిపోయింది. మనవాళ్లు మాత్రం ఇప్పటికీ "మా డ్వాక్రా" అనే అంటారు.)

తర్వాత పేదలకి చిన్న అప్పులిచ్చే మైక్రోఫైనాన్స్ కంపెనీలు దిగాయి. ఒకే ఇంటికి మూడు నాలుగు అప్పులు, ఒకటి తీర్చడానికి ఇంకొకటి. ఆత్మహత్యల వార్తలు వచ్చాక 2010 అక్టోబర్‌లో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. ఇంటి మీదకొచ్చి వసూలు చేయకూడదు, వారం వాయిదా పోయి నెల వాయిదా కావాలి. దాంతో కంపెనీల వసూళ్లు కుప్పకూలాయి. 2011 చివర్లో రిజర్వ్ బ్యాంక్ ఇచ్చిన నిబంధనల్లో వారమా, పక్షమా, నెలా అన్నది అప్పు తీసుకున్నవాళ్ల ఇష్టానికి వదిలారు. అందరూ వడ్డీ గురించే మాట్లాడారు కానీ, నాకైతే ఈ చిన్న నిబంధనే పెద్దదనిపిస్తుంది.

ఎందుకో తెలియాలంటే ఘాట్ ఎక్కి అరకు వెళ్లాలి. కాఫీ మొక్క నాటాక మూడు నాలుగేళ్ల దాకా కాపు లేదు. ఆ తర్వాత కూడా పండు కోసేది చలికాలంలోనే. అంటే డబ్బు ఏడాదికోసారి. వారం వాయిదాతో అలాంటి తోట ఎవరు వేస్తారు? పోడు (అడవి నరికి, కాల్చి చేసే సేద్యం) మానిపించి గిరిజనుల చేత కాఫీ వేయించాలంటే ఆ ఖాళీ ఏళ్లకి ఎవరో ఒకరు భుజం పట్టాలి. గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ మొక్కలిచ్చింది. 1956లో పుట్టి విశాఖ కేంద్రంగా నడిచే గిరిజన సహకార సంస్థ (జీసీసీ) కొనుగోలుకి దిగింది. నీడకి వేసిన సిల్వర్ ఓక్ మీదకి మిరియం తీగ పాకించడం అన్నిటికన్నా తెలివైన పని. కాఫీ డబ్బు అయిపోయే వేళకి మిరియాల డబ్బు అందుతుంది. 2019లో అరకు అరబికా రకం కాఫీకి, ఫలానా చోటి సరుకని చెప్పే భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది. పేరూ పెరిగింది.

అయితే అంతకుముందే, 2014 అక్టోబర్ 12న, హుద్‌హుద్ తుఫాను వచ్చింది. విశాఖలో కరెంటు పోయి, పెట్రోల్ బంకుల దగ్గర బారులు తీరిన రోజులే అందరికీ గుర్తు. అదే గాలికి కొండ మీద సిల్వర్ ఓక్‌లు కూలి కాఫీ మొక్కల మీదే పడ్డాయి. పంటా పోయింది, నీడా పోయింది. నీడ చెట్టు మళ్లీ ఎదగాలంటే ఏళ్లు పడుతుంది. తుఫాను సంవత్సరానికి మనం చూసే రిపోర్టుల్లో గడే ఉండదు.

ఏటికొప్పాకది ఇంకో పాఠం. వరాహ నది ఒడ్డున ఉన్న ఈ ఊరు ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో ఉంది. ఇక్కడ అంకుడు కర్రని తరిణె (కర్రని తిప్పుతూ చెక్కే యంత్రం) పట్టి, లక్క రంగు ఎక్కించి బొమ్మలు చేస్తారు. రసాయన రంగులు ముంచెత్తిన రోజుల్లో విత్తనాలు, బెరళ్లు, ఆకుల నుంచి తీసిన రంగులు మళ్లీ నిలబడ్డాయి. అందుకు కృషి చేసిన సి.వి.రాజుకి 2023లో పద్మశ్రీ వచ్చింది. బొమ్మలకి 2017లోనే భౌగోళిక గుర్తింపు దక్కింది. రంగు దొరికింది, పేరు దొరికింది, ఇప్పుడు కర్రకి కరువు. మెత్తగా చెప్పినమాట వినే అంకుడు అడవిలో తగ్గిపోతోంది. నాటితే బొమ్మకి పనికొచ్చే లావు రావడానికి ఏళ్లు పడుతుంది.

2022 జులై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు దేశమంతా నిషేధం. అప్పటి నుంచి విస్తరాకుల మెషీన్ పెడదామనేవాళ్లు ఎక్కువయ్యారు. మంచి ఆలోచనే. అడ్డాకు మాత్రం మన్యంలో చేత్తో కోసి ఎండబెట్టాల్సిందే, వానల్లో అది కుదరదు. రిపోర్టులో మెషీన్ కంపెనీ కొటేషన్ ఉంటుంది. ఆకు కోసే ఊరి పేరు ఎక్కడా ఉండదు.